నాలుక మీద ముక్క

కుక్కకి పచ్చి మాంసం అలవాటు చేసేవాడు ముందుగా తెలుసుకోవాల్సింది తన వేళ్ళు ఎక్కడున్నాయో. నా ఎడమ చేతికి నాలుగున్నరే ఉన్నాయి. మిగిలిన సగం ముప్పై ఏళ్ళ కిందట ఒక వాల్రస్ తోలు ముక్కతో పాటు కుక్క పొట్టలోకి పోయింది. తప్పు దానిది కాదు. ముక్కని విసరాలి, చేత్తో అందించకూడదు. నేను అందించాను.

ఈ సంగతి నా కూతురు ఇవలుకి నడక నేర్చిన నాటి నుంచీ చెబుతున్నాను. విన్నదా? మా ఇంట్లో వినే జబ్బు ఎవరికీ లేదు.

ఇవలుకి ఎనిమిది కుక్కలు. పర్యాటకుల్ని మంచు బండెక్కించి తిప్పే ఒక పట్నపు మనిషి దగ్గర కొన్నది. పుట్టిన దగ్గర్నుంచీ బస్తాల్లో వచ్చే ఎండు గుళికలు తిని పెరిగినవి. చదును మంచు మీద మనుషుల్ని షికారు తిప్పడానికి ఆ తిండి చాలునేమో, మా పని వేరు. కొండ భుజం ఎక్కి అవతలి సముద్రపు పాయలోకి దిగాలి. గడ్డకట్టిన నీటికి కన్నం కొట్టి, గేలాల తాడు లోపలికి వదలాలి. పడిన హాలిబట్ చేపల్ని బండికెత్తుకుని మళ్ళీ ఆ కొండే ఎక్కాలి. ఫిబ్రవరిలో ఆ ఎక్కుడు మధ్యలో రెండు కుక్కలు పడుకున్నాయి. కొరడా తీసినా లేవలేదు. ఇవలు సగం చేపలు మంచులో పారేసి, బండిని తనే తోసుకుంటూ ఇంటికొచ్చింది.

"ఇలా అయితే కుక్కల్ని అమ్మేస్తాను నాన్నా," అంది బూట్లు విప్పుతూ. "పట్నంలో చేపల ఫ్యాక్టరీలో చేరతాను."

నా మోకాళ్ళు పోయి నా కుక్కల్ని ఇచ్చేసి నాలుగేళ్ళయింది. మా ఇంట్లో బండి కట్టే మనిషి అది ఒక్కతే. ఆ ఫ్యాక్టరీలో తెల్ల టోపీ పెట్టుకుని, పొద్దుగూకేదాకా ఒకే చోట నిలబడి చేప నడుములు కోస్తూ ఉంటే నా కూతురు ఏడాదిలో ఎండిపోతుంది.

"అమ్మడమెందుకు? తిండి మార్చు. కుక్కకి కావాల్సింది గుళిక కాదు, నెత్తురు," అన్నాను.

మర్నాడే మొదలుపెట్టింది, నాకు చెప్పకుండా. గుళికలు పెట్టినట్టే పెట్టింది. ఎనిమిదింటినీ ఒకే కొక్కేనికి కట్టి, వలలో పడ్డ సీలు జంతువుని కోసి, ఆ మాంసం తొట్టెడు తెచ్చి వాటి మధ్యలో గుమ్మరించింది. నేను కిటికీలోంచి చూసి అరిచేలోపే గుట్ట మాయమై, దాని చోట బొచ్చు, పళ్ళు, అరుపులు మిగిలాయి. ఒకదాని చెవి ఇంకోదాని నోట్లో ఉంది. ఒక కుర్రకుక్క ముక్కు మీద తోలు లేచి వేలాడుతోంది. మాంసం అయిపోయాక కూడా నెత్తురంటిన మంచు కోసం కొట్టుకున్నాయి. నేను కొరడా కర్రతో దిగి, దొరికిన నెత్తి మీదల్లా బాదాను. చివరికి అన్నిటి మధ్యా ఎర్రటి కుక్క ఒకటి నిలబడింది, మూతి నిండా రక్తంతో. దాని పేరు ఆపాలు. మా భాషలో ఎర్రోడని.

"చూశావా? వీడు మందకి పెద్ద," అన్నాను రొప్పుతూ. "ముందు వీడికి. తర్వాత బండికి ముందు నడిచి దారి తీసే నీ మీకికి. ఆ తర్వాత పెద్దవి, ఆఖర్న కుర్రవి. ఒక్కో ముక్కా పేరు పెట్టి పిలిచి విసురు. వరస తప్పావంటే ఇదిగో, ఇదే పెళ్ళి భోజనం."

"ముందే చెప్పొచ్చుగా!"

"నీకు చెప్పడం కన్నా ఆ సముద్రానికి చెప్పడం నయం."

అయినా ఆ రోజు నుంచి విన్నది. మొదటి వారం గుప్పెడు మాంసం, మిగతాది గుళికలు. కడుపులు జారాయి. నేను కంగారు పడొద్దన్నాను. రెండో వారం కొవ్వుతో, తోలుతో కలిపి. ఎలుగుబంటి కాలేయం విషం, దాని జోలికి మాత్రం పోవద్దన్నాను. ఇక సొరచేప. మా గేలాలకి హాలిబట్‌తో పాటు పెద్ద పెద్ద సొరలు పడతాయి. పచ్చి సొర తిన్న కుక్కకి సారా పట్టించినట్టు కైపెక్కుతుంది. కాళ్ళు తేలిపోతాయి, కొన్ని మళ్ళీ లేవవు. దాన్ని పందిరి మీద నెలల తరబడి ఎండనివ్వాలి. చలికి గడ్డకట్టిన పచ్చి ముక్కా, ఎండిన ముక్కా కంటికి ఒకేలా ఉంటాయి. అందుకని మా నాన్న ఒక నియమం పెట్టాడు. పలుచగా కోసి ముందు నీ నాలుక మీద పెట్టుకో. మండిందా, అది కుక్కది కాదు.

"నాలుక మీద," అనేవాణ్ణి రోజూ. "నాలుక మీద, నాలుక మీద," అని అది నన్ను వెక్కిరించేది.

మా ఊళ్ళో కొట్టు నడిపేవాడు తోబియాస్. నా ఈడువాడే. గుళికల బస్తాలు అమ్మేదీ వాడే. ఇవలుకి పెట్టింది చనిపోయిన తోబియాస్ తల్లి పేరు. మా దగ్గర పేరు పెడితే పేరుతో పాటు వరసా వస్తుంది. అందుకని అరవై దాటిన తోబియాస్, ఇరవై నాలుగేళ్ళ నా కూతుర్ని అమ్మా అంటాడు. అది వాణ్ణి అబ్బాయ్ అంటుంది. ఏటా దాని పుట్టినరోజుకి ఏదో ఒకటి మోసుకొస్తాడు. వాడంటే నాకు గిట్టదు. చిన్నప్పుడు ఒకే పడవలో పెరిగాం, బహుశా అందుకే.

ఆ నెలలో కాఫీ పొడి కోసం కొట్టుకెళ్ళాను.

"ఏరా ఎసయాస్, మా అమ్మ చేత నెత్తురు పిసికిస్తున్నావట?" అన్నాడు అందరి ముందూ.

"నీ బస్తాలు అమ్ముడు పోవట్లేదని ఏడుపా?"

"బస్తాలు పోతే పోనీ. అవి పట్నం కుక్కలు. నీ తాతలనాటి తిండి వాటి ఒంటికి పడదు. నెల తిరక్కుండా మంచు మీద పడుకుంటాయి చూడు. అప్పుడు మళ్ళీ నా గుమ్మమే ఎక్కుతావు."

"మొరిగే కుక్క కరవదులే," అని వచ్చేశాను. కానీ ఆ మాట చెవిలో జోరీగలా ఉండిపోయింది.

నెల తిరిగింది. పడుకోలేదు సరికదా, కుక్కల బొచ్చు నూనె రాసినట్టు మెరిసింది. మార్చి మధ్యకల్లా నిండు బండితో కొండ భుజాన్ని ఒక్క ఊపులో ఎక్కాయి. ఇవలు పైన నిలబడి అరిచిన అరుపు కింద మా ఇంటిదాకా వినబడింది. ఫ్యాక్టరీ మాట మళ్ళీ ఎత్తలేదు. నేను కొట్టు ముందు నుంచి పనిలేకపోయినా రోజుకి రెండుసార్లు నడిచాను.

అప్పుడే గాలి లేచింది. మూడు రోజులు వీచి మా పందిరిని పక్కకి ఒరగదోసింది. జారిపడిన సొర ముక్కలన్నీ నేనే ఏరి, ఆ గాలిలోనే తిరిగి కట్టాను. గాలి తగ్గినా వలల్లో ఒక్క సీలు పడలేదు. వారం గడిచేసరికి ఇంట్లో మాంసం అడుగంటింది.

ఆ పొద్దున బండి కడుతుంటే మా పందిరి వైపు నుంచి తోబియాస్ దిగి వస్తూ కనిపించాడు. "ఏంట్రా పని?" అని కేకేశాను. చెయ్యి ఊపి, నడక పెంచి వెళ్ళిపోయాడు. నేను కుంటుకుంటూ పైకెళ్ళాను. సముద్రం వైపు దండె మీద పోయినేటి సొర, కొండ వైపు దండె మీద మూడు వారాల కిందటిది. నాకు తెలిసిన లెక్కేగా. సముద్రం వైపు దండె నుంచి గొడ్డలితో నాలుగు దిమ్మలు నరికి గోతాంలో వేశాను. ఇవలు కింద నుంచి "పొద్దెక్కుతోంది నాన్నా!" అని అరుస్తోంది. ఆ రోజు నేనూ బండెక్కాను. ఆ కుక్కల పరుగు దగ్గర నుంచి చూడాలని నా కోరిక.

చూశాను. మధ్యాహ్నానికల్లా అవతలి పాయలో కన్నం దగ్గరికి చేరాం. కుక్కల్ని పగ్గాలతో సహా మంచులో దిగ్గొట్టిన ఒకే కొక్కేనికి కట్టేశాం. ఇవలు గేలాల తాడు లాగడం మొదలుపెట్టింది. మేత నేను పెడతానన్నాను. పేరు పెట్టి పిలిచి విసిరాను. ఆపాలుకి రెండు పెద్ద ముక్కలు. మీకికి ఒకటి. పెద్ద కుక్కలు మూడింటికి తలో ముక్క. కుర్రవి మూడింటి దాకా సొర రాలేదు, వాటికి చేప తలలు వేశాను. వరస తప్పలేదు. ఆ వరస ఎంత ముచ్చటగా ఉందో అని నవ్వుకున్నాను కూడా.

తాడంతా లాగేసరికి నాలుగు గంటలు పట్టింది. చేపలు బండికెత్తి ఇవలు కొరడా తీసింది. కుక్కలు లేచాయి. ఆపాలు లేచి, రెండడుగులు పక్కకి వేసి, మోకాళ్ళ మీద కూలబడింది.

"నాన్నా, వీడికేమైంది?"

ఆపాలు మళ్ళీ లేవబోయింది. నోటి వెంట నురగ. కళ్ళు ఎటో చూస్తున్నాయి. దాని పక్కన మీకి వెనక కాళ్ళు ఈడుస్తోంది. పెద్దవి మూడూ తాగుబోతుల్లా ఒకదాని మీద ఒకటి ఒరుగుతున్నాయి. కుర్రకుక్కలు మూడూ మాత్రం నిటారుగా, చెవులు రిక్కించి, ఆపాలునే చూస్తున్నాయి.

మంద పెద్ద పడిపోతే ఏమవుతుందో కుక్కకి ఎవరూ నేర్పక్కర్లేదు. ముక్కు మీద మచ్చ ఉన్న కుర్రది ముందు దూకింది. నేరుగా గొంతు. రెండోది పొట్ట. ఆపాలు కైపులోనే కరవబోయింది, దాని దవడ గాలిని కొరికింది. పగ్గాలు మెలిపడి, పడిపోయినవీ లేచినవీ ఒకే ముద్దయ్యాయి. ఇవలు కొరడా పారేసి చేతులతో ఆ ముద్దలోకి దూరింది.

"చెయ్యి పెట్టకే! చెయ్యి పెట్టకు!"

పెట్టేసింది. దాని కుడి అరచేయి మచ్చ కుక్క పళ్ళలో ఇరుక్కుంది. ఎముక నలిగిన చప్పుడు నాకు వినబడింది. నేను మంచు పొడిచే గునపం ఎత్తి ఆ కుక్క మెడ మీద దించాను. ఒక్క పోటుకి చావలేదు. మళ్ళీ దించాను. మూడో పోటుకి దాని నోరు వదులైంది. మిగతా రెండింటినీ గునపం మొద్దు వైపుతో డొక్కల్లో బాదితే వెనక్కి తగ్గి, మూతులు నాక్కుంటూ నిలబడ్డాయి. అప్పటికి ముసలి కుక్క ఒకటి పగ్గం మెడకి బిగిసి నాలుక బయటపెట్టి చచ్చిపోయి ఉంది. ఆపాలు పొట్ట తెరుచుకుని, పేగులు మంచు మీద పొగలు కక్కుతున్నాయి. అయినా తోక ఆడిస్తోంది. కైపులో దానికి నొప్పి తెలియలేదు, దేవుడి దయ.

ఇవలు బండి మీంచి తుపాకీ తీసింది. నేను పుచ్చుకోబోతే నెట్టేసింది. ఎడమ చేత్తోనే గురిపెట్టి, ఆపాలు చెవి వెనక కాల్చింది.

ఇంటికి ఎలా చేరామో చెప్పను. చేపలన్నీ పారేశాం. మీకినీ ఇంకో రెండింటినీ బండి మీద పడుకోబెట్టి, మిగిలిన రెండు కుర్రకుక్కలతో పాటు నేనూ పగ్గం భుజాన వేసుకుని, పోయిన మోకాళ్ళతోనే ఆ కొండ మీదికి లాగాను. ఇవలు చేతికి చుట్టిన గుడ్డలోంచి నెత్తురు దారంతా చుక్కలుగా పడింది. నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. పందిరి నుంచి దిగి వస్తున్న తోబియాస్. మంచు మీద పడుకుంటాయి చూడు, అన్న మాట.

ఇవలుని నర్సు గుమ్మంలో దింపి, నేరుగా కొట్టుకెళ్ళాను. మా దగ్గర ఆ రోజుల్లో రాత్రి తొమ్మిదికీ వెలుగుంటుంది, కొట్టు ఇంకా మూయలేదు. లోపల నలుగురున్నారు. తోబియాస్ బస్తాలు సర్దుతున్నాడు. నన్ను చూసి, నా బట్టల మీది నెత్తురు చూసి, "ఏమైందిరా?" అంటూ ఎదురొచ్చాడు.

గడ్డకట్టిన చేతితొడుగు రాయిలా ఉంది. దాంతోనే మూతి మీద కొట్టాను. వెనక్కి బస్తాల మీద పడ్డాడు. ఒక బస్తా చిరిగి గుళికలు నేలంతా దొర్లాయి, వాటి మధ్య వాడి పన్ను ఒకటి.

"విషం పెట్టావురా! నా కూతురి కుక్కలకి విషం పెట్టావు!"

"నేనా?" అన్నాడు నోట్లో నెత్తురుతో. "మా అమ్మ కుక్కలకా?"

ఆ మాటకి ఒళ్ళు ఇంకా మండింది. గుండెల మీద మోకాలు వేసి మళ్ళీ కొట్టాను. దవడ పక్కకి జరిగింది. వాడు చెయ్యెత్తలేదు. నా కన్నా బలమైనవాడు, ఎత్తితే నేను లేచేవాణ్ణి కాదు. ఎత్తలేదు. నలుగురూ కలిసి నన్ను ఈడ్చి బయట పడేశారు.

ఇంటికొచ్చేసరికి ఇవలు బల్ల ముందు కూర్చుని ఉంది, చెయ్యి మోచేతిదాకా కట్టుతో. రెండు వేళ్ళు ఇక వంగవని నర్సు చెప్పిందట.

"వాడి దవడ విరగ్గొట్టాను," అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను, వెర్రివెధవని.

అది తలెత్తి నన్ను చూసింది.

"నాలుక మీద పెట్టి చూశావా నాన్నా?"

గొడ్డలి తీసుకుని పందిరికి వెళ్ళాను. సముద్రం వైపు దండె మీద పొద్దున నరికిన చోట ముక్క కోసి నోట్లో పెట్టుకున్నాను. నాలుక భగ్గుమంది. ఆ పక్క ముక్కా అంతే. కొండ వైపు దండె మీది ముక్క మెత్తగా, చప్పగా, ఏ మంటా లేకుండా ఉంది. గాలిలో తిరిగి కట్టినప్పుడు అటువి ఇటు కట్టాను. నా చేతులతో నేనే కట్టాను, నేనే నరికాను, పేరు పెట్టి పిలిచి నేనే విసిరాను. మందలో అందరికన్నా బలమైనదానికి అందరికన్నా ఎక్కువ.

కిందికి దిగబోతుంటే పందిరి వెనక కొయ్యకి వేలాడుతూ కనిపించింది. లేత సీలు, నిండుగా ఒకటి, శుభ్రంగా కడిగి కట్టింది. మర్నాడు ఇవలు పుట్టినరోజు. ఆ తాడు ముడి నాకు తెలుసు, చిన్నప్పుడు ఒకే పడవలో నేర్చుకున్నాం. వలలన్నీ ఖాళీగా ఉన్న వారంలో ఎక్కడ వేటాడాడో, ఎంత దూరం పోయాడో. ఎనిమిది కుక్కలకీ రెండు పూటలు సరిపోయే మాంసం. పొద్దున ఇంకో పది అడుగులు వేసి ఉంటే నాకు కనబడేది.

పచ్చి సొర ముక్క చేత్తో పట్టుకుని, అలాగే తోబియాస్ ఇంటికెళ్ళాను. వాడు మంచం మీద ఆనుకుని కూర్చున్నాడు, దవడ కింద నుంచి నెత్తి దాకా గుడ్డ కట్టుకుని. నేను గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూలబడ్డాను.

"నేనే పెట్టాను," అన్నాను. "నువ్వు కాదు. నేనే."

ఆ ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాను. నోరంతా మంట, కళ్ళ వెంట నీళ్ళు. అవి మంటకి కాదని వాడికీ తెలుసు. తోబియాస్ మంచం దిగి వచ్చి, నా మెడ పట్టుకుని వంచి, నోట్లో వేళ్ళు పెట్టి ఆ ముక్క లాగి పారేశాడు. ఆ కోపానికి నా చిగుళ్ళు చిట్లాయి.

"ఉమ్మెయ్, ముసలి వెధవా," అన్నాడు పళ్ళ సందుల్లోంచి. మాటలు సరిగా రావడం లేదు. "నువ్వూ పడిపోతే అమ్మకి బండి కట్టేదెవరు?"

తన చొక్కా చేతితో నా మూతి తుడుస్తూ అడిగాడు.

"దాని చెయ్యెలా ఉంది?"

పోలీసు వచ్చి అడిగితే మెట్టు మీద జారానని చెప్పాడట.

ఐదు కుక్కలు మిగిలాయి. మీకి కుంటుతుంది గాని ముందు అదే నడుస్తుంది. తోబియాస్ తన రెండు కుక్కల్ని ఇచ్చాడు, అవీ గుళికలు తిని పెరిగినవే. ఇవలు వాటికి మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టింది. మొదటి వారం గుప్పెడు. ఫ్యాక్టరీకి వెళ్తానని గాని, వెళ్ళనని గాని ఇంకా చెప్పలేదు. నేను అడగలేదు.

మేత వేళకి తోబియాస్ తొట్టె పట్టుకుని నిలబడతాడు, దవడకి కట్టుతోనే. ఇవలు ఎడమ చేత్తో పలుచటి ముక్క కోస్తుంది. సీలు మాంసమైనా సరే, కోస్తుంది. కుక్కలు గొలుసులు లాగుతూ అరుస్తుంటాయి. అది వాటి వైపు చూడదు. నా ముందుకొచ్చి నిలబడుతుంది.

"నోరు తెరు," అంటుంది.

తెరుస్తాను.